యజమాని ఫోను కూడా గెస్ట్ నెట్‌లోనే

పోయిన మాఘమాసంలో ఒక రాత్రి, తొమ్మిదిన్నర దాటాక, మా లాడ్జి ఆఫీసు గదిలో ప్రింటర్ దానంతటదే మోగింది. గదిలో నేనొక్కణ్ణే ఉండి ఆ రోజు బిల్లులు సరిచూసుకుంటున్నాను. ప్రింట్ ఇచ్చినవాళ్ళు లేరు. కాగితం మెల్లగా బయటికొచ్చింది. రాయగడ నుంచి రాయపూర్‌కి సమతా ఎక్స్‌ప్రెస్ టికెట్. నలుగురి పేర్లు, వయసులు, బెర్తులు, పీఎన్నార్ నంబరు. దాని వెనకే ఇంకో కాపీ.

రెండు నిమిషాలకి 204లో దిగిన పెద్దాయన మెట్లు దిగి వచ్చారు. "బాబూ, ఇక్కడ ప్రింటర్ ఉన్నట్టు ఫోన్లో చూపించింది, నొక్కాను. వచ్చిందా?" అన్నారు. తీసి ఇచ్చాను. డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాను. "మంచి సదుపాయం పెట్టారండీ, పెద్ద హోటళ్ళలో కూడా ఇలా లేదు" అని మెచ్చుకుని పైకి వెళ్ళిపోయారు.

ఆ సదుపాయం మేం పెట్టింది కాదు. ఆయన ఫోను, మా ప్రింటరు ఒకే వైఫైలో ఉన్నాయి, అంతే. ప్రింటర్లు "నేనిక్కడున్నాను" అని నెట్‌వర్క్ అంతటా చెప్పుకుంటూ ఉంటాయి. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఏ ఫోనుకైనా ఆ మాట వినిపిస్తుంది. ఆయన తప్పేమీ చేయలేదు. కానీ ఆయన మెట్లెక్కి వెళ్ళాక బిల్లుల మీద నాకు చూపు నిలవలేదు. పెద్దాయనకి ప్రింటర్ కనిపించిందంటే, పైన పదహారు గదుల్లో ఉన్నవాళ్ళకి మావి ఇంకేమేం కనిపిస్తున్నాయి?

ఖాళీగా ఉన్న 207 తాళం తీసుకుని, నా ఫోను పట్టుకుని పైకి వెళ్ళాను.

207లో కూర్చుని చూస్తే

మాది ఒడిశాలోని రాయగడలో చిన్న లాడ్జి. కింద టిఫిన్ హోటల్, పైన రెండంతస్తుల్లో గదులు. అన్నయ్య, నేను కలిసి నడుపుతాం. వదిన వంటిల్లు చూసుకుంటుంది. మజ్జి గౌరమ్మ దర్శనానికి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వైపు నుంచి వచ్చే కుటుంబాలు, పేపర్ మిల్లు పని మీద వచ్చే కాంట్రాక్టర్లు, మెడికల్ రెప్‌లు, ఇవే మా పార్టీలు. దాదాపు అందరూ తాళంచెవి అందుకోకముందే వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు. 2019లో ఫైబర్ లైను తీసుకున్న రోజు అన్నయ్య తన ఫోన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టించి, కౌంటర్ వెనక గోడ మీద స్కెచ్ పెన్నుతో రాయించాడు. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడినవాళ్ళకి కూడా అది చదవగలిగేంత పెద్ద అక్షరాలు.

207లో మంచం మీద కూర్చుని, ఆ పాస్‌వర్డ్ కొట్టి, ఫోన్లో మామూలు ఫైల్ మేనేజర్ యాప్ తెరిచాను. 'నెట్‌వర్క్' అన్న చోట నొక్కితే రిసెప్షన్ కంప్యూటర్ పేరు వచ్చింది. దాని మీద నొక్కితే మూడు ఫోల్డర్లు. మూడోది 'గెస్ట్ ఐడీ'. పాస్‌వర్డ్ అడగలేదు. ఎప్పుడో ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి ఆ ఫోల్డర్ తెరుచుకోవడం లేదని, షేరింగ్‌కి పాస్‌వర్డ్ అక్కర్లేకుండా సెట్టింగ్ మార్చారు. మార్చిన మనిషికి గుర్తుండి ఉండదు. నాకు గుర్తుంది, ఎందుకంటే పక్కన నిలబడి "అలా పెట్టేయండి, పని అవుతుంది" అన్నది నేనే.

ఫోల్డర్లో ఆరేళ్ళ ఆధార్ కార్డులున్నాయి. ముందుగా తెరుచుకున్నది ఆ వారమే దిగిన ముసలి దంపతులది. ఆవిడ ఫోటోలో కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి, పక్కన పుట్టిన సంవత్సరం, కింద పన్నెండు అంకెలు, ఊరి చిరునామా. ఆ రోజు పొద్దున ఆవిడ మా మెట్ల మీద కూర్చుని ఎండుకొబ్బరి ముక్క నా చేతిలో పెట్టి, ప్రసాదం తినమన్నారు. అదే మనిషి కార్డు నేను ఒక గెస్టు గదిలోంచి, ఏ అడ్డూ లేకుండా చూస్తున్నాను. నేను చూడగలిగితే ఆ నెలలో దిగిన ఎవరైనా చూడగలిగేవారు. చూశారో లేదో తెలుసుకునే దారి కూడా లేదు.

తర్వాత బ్రౌజర్లో 192.168.1.64 అని కొట్టాను. అది డీవీఆర్ చిరునామా, అంటే సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే పెట్టెది. లాగిన్ పేజీ వచ్చింది. పెట్టెతో పాటు వచ్చిన పాస్‌వర్డునే బిగించినవాళ్ళు ఉంచేశారు. మా వరండా, కౌంటర్, గల్లా పెట్టె, మేడ మెట్లు నా ఫోన్లో కదులుతూ కనిపించాయి. ఆడపిల్లలతో వచ్చే కుటుంబాలు మమ్మల్ని నమ్మి దిగుతాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"ఇప్పుడంతా హెచ్‌టీటీపీఎస్ కదా, భయమేముంది"

నాకు తెలిసిన మెడికల్ షాపు అతనితో, డెంటల్ క్లినిక్ నడిపే స్నేహితుడితో ఈ సంగతి చెప్పాను. ఇద్దరిదీ మా పరిస్థితే. ఒక వైఫై, అందరికీ తెలిసిన పాస్‌వర్డ్, అందులోనే బిల్లింగు, స్కానరు, కెమెరాలు. క్లినిక్ స్నేహితుడు చదువుకున్నవాడు, తేలిగ్గా తీసేశాడు. బ్యాంకు యాప్‌లు, వాట్సాప్, వెబ్‌సైట్లు అన్నీ ఇప్పుడు గుప్తీకరించే పంపుతాయి, వెబ్‌సైట్లలో దాన్నే హెచ్‌టీటీపీఎస్ అంటారు, ఒకే వైఫైలో ఉన్నంత మాత్రాన పక్కవాడు మన ఓటీపీ చదివేయలేడు అన్నాడు. డబ్బుల సౌండ్ బాక్స్ కూడా వైఫై మీద నడవదు, దానిలో సిమ్ము వేరే ఉంటుంది అన్నాడు.

రెండు మాటలూ చాలావరకు నిజమే. పదేళ్ళ కిందట పబ్లిక్ వైఫై గురించి చెప్పిన భయాల్లో చాలా భాగం ఇప్పుడు లేదు. గెస్టు ఫోన్ల గురించి నాకు పెద్దగా బెంగ లేదు. వాటికి ఏటేటా అప్‌డేట్లు వస్తాయి, వాటిని తయారుచేసినవాళ్ళు పరాయి నెట్‌వర్క్‌లో తిరుగుతాయని ముందే అనుకుని చేశారు. నా బెంగ ఎక్కడికీ కదలని వాటి గురించి. డీవీఆర్, ప్రింటర్, పాత విండోస్‌తో నడిచే బిల్లింగ్ కంప్యూటర్, వంటింట్లో ఆర్డర్ చీటీలు కొట్టే చిన్న ప్రింటర్. ఇవన్నీ తమ చుట్టూ ఉన్నవాళ్ళంతా సొంతవాళ్ళే అనుకుని పనిచేస్తాయి.

దీనికి పెద్ద ఉదాహరణలు మనకి తెలిసినవే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్ని, డీవీఆర్‌లని, రౌటర్లని వెతికి పట్టుకుని ఒక సైన్యంలా కూడగట్టింది. అది వాడింది అరవై చిల్లర యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతలే, అన్నీ తయారీదారులు పెట్టినవే. ఆ అక్టోబరులో ఆ సైన్యంతో, వెబ్‌సైట్ పేర్లకి చిరునామాలు చూపించే డైన్ అనే సంస్థని కొడితే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లే గంటల తరబడి తెరుచుకోలేదు. 2017 మే నెలలో వానాక్రై అనే ఇంకో మాల్‌వేర్ వచ్చినప్పుడు, ఒక కంప్యూటర్‌కి అంటుకున్నాక అదే నెట్‌వర్క్‌లో అప్‌డేట్ లేని మిగతా విండోస్ కంప్యూటర్లకి అది తనంతట తానే పాకింది. మనుషులు ఏ లింకూ నొక్కక్కర్లేదు. మా రిసెప్షన్ కంప్యూటర్ పక్కన రోజుకి పది పదిహేను మంది కాంట్రాక్టర్ల ల్యాప్‌టాప్‌లు వచ్చి చేరుతున్నాయి. ఏ ల్యాప్‌టాప్ ఏ సైటు నుంచి ఏం మోసుకొచ్చిందో నేనెలా చెప్పగలను?

ఇంకో సంగతి చట్టానిది. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకి ముందు వచ్చిన బెదిరింపు మెయిల్‌ని పోలీసులు వెతుక్కుంటూ పోతే, నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఫ్లాట్‌లోని వైఫై దగ్గర తేలింది. అతని వైఫైని ఎవరో వాడుకున్నారు. అతను చాలా రోజులు విచారణ చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ తర్వాత 2009లో టెలికాం శాఖ, వైఫై వాడేవాళ్ళ గుర్తింపు ఉండాలని ఆదేశాలిచ్చింది. ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, జనం ఇచ్చిన వివరాలకి తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. మనలాంటి చిన్న లాడ్జి మీద అంత వేస్తారని నేననుకోను. కానీ ఆ ఎండుకొబ్బరి ముక్క పెట్టిన ఆవిడ కార్డు విషయంలో నాకు చట్టం చెప్పాల్సిన పని లేదు.

పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోదా?

అన్నయ్య ముందు అన్నది ఇదే. "పాస్‌వర్డ్ మార్చేయరా, గోడ మీద తుడిపేద్దాం." మార్చాం. ఆ సాయంత్రానికి డీవీఆర్ ఫోనుకి రావడం మానేసింది, వంటింటి ప్రింటర్ ఆగిపోయింది, రిసెప్షన్ టీవీ ఆగిపోయింది, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో జీఎస్టీ పేజీ తెరుచుకోలేదు. మొత్తం పదకొండు చోట్ల కొత్త పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చింది. వంటింటి ప్రింటర్‌కి బొత్తాలు రెండే, దాన్ని కంప్యూటర్‌కి వైరు తగిలించి సెట్ చేస్తే గాని అవలేదు. ఈలోగా వదిన ఆర్డర్లు నోటితో అరిపించుకుని ఇరవై ప్లేట్ల ఇడ్లీ ఎక్కువ పెట్టింది. ఇక ఎప్పుడూ మార్చొద్దని ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. మూడో రోజుకి కొత్త పాస్‌వర్డ్ కూడా వీధికి తెలిసిపోయింది, ఎందుకంటే గెస్టులకి అదే చెప్పాలి కదా.

ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. గెస్టులకిచ్చే పాస్‌వర్డ్ తరచుగా మారాలి. నిన్న ఖాళీ చేసిన పార్టీకి, పోయిన నెల పని మానేసిన కుర్రాడికి అది ఇవాళ పనిచేయకూడదు. మిషన్ల పాస్‌వర్డ్ మాత్రం ఏళ్ళ తరబడి మారకుండా, మనిషి నోటికి రాకుండా ఉండాలి. ఈ రెండు అవసరాలనీ ఒకే పాస్‌వర్డ్ మీద పెడితే, మిషన్లకి భయపడి గెస్టులది మార్చం, గెస్టులకి చెబుతూ మిషన్లది బయటపెడతాం. జాగ్రత్తగా ఉండేవాళ్ళు కూడా ఇక్కడ ఓడిపోతారు. కాబట్టి రెండు నెట్‌వర్క్‌లు కావాలనేది లగ్జరీ కాదు, ఇంకో దారి లేదు.

పేర్లు రెండు, ఇల్లు ఒకటే

మొదట నేను చేసిన ప్రయత్నం చాలామంది చేసేదే. కంపెనీవాళ్ళిచ్చిన ఫైబర్ బాక్సులోనే రెండో వైఫై పేరు పెట్టుకునే వీలుంది. పెట్టాను. ఫోన్లో రెండు పేర్లు కనిపించాయి, ఒకటి లాడ్జి పేరుతో, ఇంకోటి 'ఆఫీస్' అని. పని అయిపోయిందని సంబరపడ్డాను. అలవాటు కొద్దీ మళ్ళీ 207కి వెళ్ళి, గెస్టు పేరులో చేరి, 192.168.1.64 కొట్టాను. డీవీఆర్ పేజీ అలాగే వచ్చింది.

వీధిలోకి రెండు గుమ్మాలు పెట్టి, రెండూ ఒకే హాల్లోకి తెరుచుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. కొన్ని బాక్సుల్లో 'గెస్ట్ నెట్‌వర్క్' అని ప్రత్యేకంగా ఉంటుంది, అది నిజంగానే విడదీస్తుంది. మా బాక్సులో ఉన్నది ఉత్త రెండో పేరు. ఈ తేడా పెట్టె మీద రాసి ఉండదు. గెస్టు వైఫైలో చేరి మీ ప్రింటర్ కనిపిస్తోందా, కెమెరా పేజీ వస్తోందా అని స్వయంగా చూసుకోవడం తప్ప వేరే దారి లేదు. ఇది చదివేవాళ్ళు ఒక్క పనే చేయగలిగితే ఆ ఐదు నిమిషాల పరీక్ష చేయండి.

రెండో ప్రయత్నంలో ఇంట్లో పడి ఉన్న పాత రౌటర్ తీశాను. ఫైబర్ బాక్సు వెనక దాన్ని తగిలించి, ఆ రౌటర్ గెస్టులకి, ఫైబర్ బాక్సు మాకు అనుకున్నాను. ఇది తలకిందుల పని. లోపల తగిలించిన రౌటర్‌లో ఉన్నవాళ్ళు ఇంటర్నెట్‌కి పోవాలంటే బయటి బాక్సు మీదుగానే పోవాలి, కాబట్టి దారిలో ఉన్నవన్నీ వాళ్ళకి అందుతాయి. బయటి బాక్సులో ఉన్నవాళ్ళు మాత్రం లోపలి రౌటర్ దాటి రాలేరు. అంటే గెస్టులు బయటి బాక్సులో ఉండాలి, మన మిషన్లు లోపలి రౌటర్ వెనక ఉండాలి. నాలుగు బల్లల టీ హోటల్‌కి, చిన్న క్లినిక్‌కి ఇది చాలు. పాత రౌటర్ ఉంటే ఖర్చు సున్నా. బయటి బాక్సు సెట్టింగులు మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం తప్పకుండా మార్చాలి, అది గెస్టుల చేతికి అందే చోట ఉంటుంది కాబట్టి.

మాకది చాలలేదు. రెండంతస్తుల్లోనూ గెస్టులకి సిగ్నల్ కావాలి, కింద వంటింట్లో మిషన్లకి కావాలి, ప్రతి చోటా రెండేసి రౌటర్లు పెట్టలేం. విశాఖ నుంచి ఒక రౌటర్, ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (వైర్లని కలిపే పెట్టె, ఏది ఎటు పోవాలో మనమే పెట్టుకోవచ్చు), వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్లు రెండు తెప్పించాం. అంతా కలిపి 16,000 దాకా అయింది. దీనిలో వీల్యాన్ అనే పద్ధతి ఉంటుంది. పార్సిల్ ఆఫీసులో ఒకే వ్యానులో పోయే మూటల మీద వేరు వేరు రంగు చీటీలు అంటిస్తారు చూడండి, అలాగే ఒకే వైరులో పోయే డేటాకి 10 అని, 20 అని నంబరు వేస్తారు. 10 ఉన్నది మిషన్లకి, 20 ఉన్నది గెస్టులకి. ఒక విషయం దగ్గర నేను మళ్ళీ మోసపోబోయాను. నంబర్లు వేసినంత మాత్రాన అయిపోదు. 20 నుంచి 10కి పోనివ్వకూడదని రౌటర్‌లో నియమం రాయకపోతే, చాలా రౌటర్లు దగ్గరుండి మరీ దాటిస్తాయి. మళ్ళీ 207 పరీక్షలోనే అది బయటపడింది.

కెమెరాలకి 30 అని మూడోది కూడా వేశాను. ఉన్న సామానుతోనే అయింది, అదనపు ఖర్చు లేదు. డీవీఆర్‌ని బిల్లింగ్ కంప్యూటర్ పక్కన ఉంచాలని నాకు అనిపించలేదు.

రెండు గ్లాసులు

ఇక్కడి దాకా వైర్ల సంగతి. నేను ఎక్కువగా మథనపడింది దీని గురించి కాదు.

అనుకున్న ప్రకారం ఒకటి స్టాఫ్‌కి, ఒకటి కస్టమర్లకి. ఎక్కడ చదివినా ఇలాగే చెబుతారు. మరి స్టాఫ్ అంటే ఎవరు? అన్నయ్య, వదిన, నేను, విశాఖలో చదువుతూ సెలవులకి వచ్చే అన్నయ్య కొడుకు, రిసెప్షన్లో ఇద్దరు, వంటింట్లో ముగ్గురు, గదులు చూసే కుర్రాళ్ళు నలుగురు. పదమూడు మంది ఫోన్లు మా బిల్లింగ్ కంప్యూటర్ పక్కన చేరితే నేను విడదీసింది ఏమిటి? గెస్టుల ఫోన్లంత భయమూ ఈ ఫోన్ల వల్లా ఉంటుంది. అందుకని అన్నయ్యా వాళ్ళింటి ఫోన్లు ఆఫీసు నెట్‌లో, పనివాళ్ళవి గెస్టు నెట్‌లో పెడదామనుకున్నాను.

మెడికల్ షాపు అతను అది విని, "సరిగ్గా చేశావు బావా, అరుగు అరుగే, వంటిల్లు వంటిల్లే" అన్నాడు. పోలిక బాగానే కుదిరింది. కానీ అది నాలో ఎక్కడో గుచ్చుకుంది. ఆ అరుగు దగ్గర ఆగిపోయినవాళ్ళెవరో మనందరికీ తెలుసు. నా చిన్నప్పుడు మా తాత టీ హోటల్లో బయట చూరు కింద గూట్లో వేరే గ్లాసులు ఉండేవి. కొండ మీద నుంచి కట్టెలు తెచ్చేవాళ్ళు వాటిలో తాగి, వాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే పెట్టేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు, అడిగేవారు కాదు. మా నాన్న వచ్చాక ఆ గూడు తీసేశారు. ఈ రోజుకీ మా ఇంట్లో ఆ మాట వస్తే అందరూ తలవంచుకుంటారు.

మర్నాడు గదులు చూసే కుర్రాడు, కాశీపూర్ వైపు నుంచి వచ్చినవాడు, నా దగ్గరకి వచ్చి ఒడియాలో అడిగాడు: "బాబూ, మాకు వేరే నెట్ పెట్టారట కదా?" అందులో కోపం లేదు. చీపురు చేతిలోనే ఉంది. నా ముఖం వంక కాకుండా గోడకి బిగించిన కొత్త యాక్సెస్ పాయింట్ వంక, దానిలో వెలుగుతున్న చిన్న దీపం వంక చూస్తూ అడిగాడు. ఆ గూటిలోని గ్లాసులు నా కళ్ళ ముందుకొచ్చాయి.

గెస్టు నెట్‌కి వేగం తక్కువేమీ కాదు, సినిమా చూసుకోవచ్చు. సాంకేతికంగా అతనికి పోయిందేమీ లేదు. కానీ అతను అడిగింది వేగం గురించి కాదు. యజమాని ఇంటివాళ్ళు ఒక వైపు, తను ఒక వైపు ఎందుకున్నారని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నిజంగానే కారణం లేదు. అన్నయ్య ఫోన్లో ఏ యాప్‌లున్నాయో నాకు తెలుసు. ఎవరు ఏ లింకు పంపినా నొక్కేది మా అందరిలో ఆయనే. ప్రమాదం లెక్కలో చూస్తే కాశీపూర్ కుర్రాడి ఫోను కన్నా అన్నయ్య ఫోనే ముందు బయట ఉండాలి.

అందుకని గీత మార్చాను. ఒక పక్క మిషన్లు, ఒక పక్క మనుషులు. బిల్లింగ్ కంప్యూటర్, ఆఫీసు ల్యాప్‌టాప్, రెండు ప్రింటర్లు ఆఫీసు నెట్‌లో. మనిషి జేబులో ఉండే ఫోను ఏదైనా సరే, అన్నయ్యది కానీ, నాది కానీ, కాంట్రాక్టరుది కానీ, కుర్రాడిది కానీ, గెస్టు నెట్‌లో. ఆఫీసు నెట్ పాస్‌వర్డ్ ఇరవై నాలుగు అక్షరాలు. నాకు నోటికి రాదు, రాకూడదు. దాన్ని కాగితం మీద రాసి కవర్లో పెట్టి, లాడ్జి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టాం. 'స్టాఫ్ నెట్‌వర్క్' అనే మాట మా ఇంట్లో వాడటం మానేశాం. పేరు అలా ఉంటే స్టాఫ్ అంతా అందులో ఉండాలనిపిస్తుంది.

అన్నయ్య కొడుకు సంక్రాంతి సెలవులకి వచ్చి, "ఏంటి చిన్నాన్నా, నన్ను కూడా గెస్టుల్లో కలిపేశావా? ఇది మనిల్లే కదా" అని అలిగాడు. నా ఫోన్ తీసి చూపించాను, నేనూ అందులోనే ఉన్నాను. అన్నయ్యకి వచ్చిన ఇబ్బంది వేరు. కెమెరాలు ఫోన్లో చూడటం ఆయనకి అలవాటు. ఇప్పుడు యాప్ ద్వారా ఇంటర్నెట్ మీదుగా తిరిగి వస్తుంది, రెండు మూడు సెకన్లు ఆలస్యం. రెండు రోజులు విసుక్కున్నాడు. రిసెప్షన్లో డీవీఆర్‌కి నేరుగా వైరుతో ఒక మానిటర్ తగిలించాక ఊరుకున్నాడు.

కాశీపూర్ కుర్రాడికి కూడా నా ఫోన్ చూపించాను. చూసి "హౌ", అంటే సరే, అని నవ్వి వెళ్ళిపోయాడు.

అసలు వైఫై ఇవ్వడమెందుకు?

ఈ ప్రశ్న నన్నింకా వదల్లేదు. 2016 తర్వాత ఫోన్ డేటా ఇంత చవకయ్యాక, గెస్టులకి వైఫై ఇవ్వకపోతే ఈ గొడవే ఉండదు కదా? ఒక నెట్‌వర్క్, మిషన్లకే. నిజం చెప్పాలంటే ఇది బలమైన వాదన. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. రోడ్డు వైపు గదులుంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. మా వెనక వైపు గదుల్లో గోడలు పాతకాలపు మందం, ఫోన్ సిగ్నల్ ఒక గీత కూడా రాదు. విశాఖ పెద్దాసుపత్రికి రోగిని తీసుకెళ్తూ దారిలో ఆగినవాళ్ళు, రాత్రి పదకొండుకి అక్కడి బంధువులతో వీడియో కాల్ మాట్లాడాలంటే మెట్ల మీదికి రావాల్సి వచ్చేది. వాళ్ళని చూశాక వైఫై తీసేద్దామని అనలేకపోయాను.

ఓటీపీ పద్ధతి మాత్రం పెట్టి తీసేశాను. ఫోన్ నంబరు కొడితే ఓటీపీ వస్తుంది, అది కొడితే నెట్ వస్తుంది. గుర్తింపు కూడా నమోదవుతుంది, నియమం ప్రకారం మంచిదే. కానీ సిగ్నల్ రాని గదిలో ఓటీపీ ఎలా వస్తుంది? ఇప్పుడు గదికో చీటీ ఇస్తున్నాం, 24 గంటలు పనిచేసే కోడ్‌తో. రిజిస్టర్లో గది నంబరు పక్కన చీటీ నంబరు రాస్తాం. ఎవరికి ఏది ఇచ్చామో పుస్తకంలో ఉంటుంది. ఒక్కో ఫోనుకి 5 ఎంబీపీఎస్ వేగ పరిమితి పెట్టాం, సాయంత్రాలు బిల్లింగు ఆగకుండా ఉండటానికి.

పిడుగు పడిన వారం

నాకున్న పెద్ద సందేహం ఇది. వైశాఖంలో ఒక సాయంత్రం పిడుగు పడి ఫైబర్ బాక్సు, దానికి తగిలించిన మా రౌటర్ రెండూ పోయాయి. నేను ఊళ్ళో లేను. కంపెనీ కుర్రాడు మర్నాడే వచ్చి కొత్త బాక్సు పెట్టాడు. నెట్ రావాలి కాబట్టి స్విచ్‌ని నేరుగా బాక్సుకి తగిలించి, స్విచ్‌ని రీసెట్ చేసి, బాక్సు వైఫైనే అందరికీ ఇచ్చి వెళ్ళాడు. అతను తన పని బాగానే చేశాడు. నెట్ వచ్చింది, అందరూ సంతోషించారు. నేను వచ్చి 207 పరీక్ష చేసేదాకా తొమ్మిది రోజులు అన్నీ మళ్ళీ ఒకే హాల్లో ఉన్నాయి. ఒక్కరికీ తేడా తెలియలేదు. విడదీయడం పనిచేస్తున్నప్పుడు కనిపించదు, పనిచేయనప్పుడూ కనిపించదు. ఫ్యాను ఆగితే చెమట పడుతుంది, దీనికి అలాంటి గుర్తు లేదు.

ఒక్క మనిషి తలలో ఉన్న ఏర్పాటు మీద ఇంత ఆధారపడొచ్చా అని చాలా రోజులు ఆలోచించాను. ఇప్పుడు ఏ వైరు ఎందులోకి పోవాలో రంగు టేపులు చుట్టాం. రౌటర్ సెట్టింగ్‌ల కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, పాస్‌వర్డ్ కవర్లోనే పెట్టాం. ప్రతి నెలా ఒకటో తారీఖున రిసెప్షన్ అమ్మాయి గెస్టు నెట్‌లో చేరి ప్రింటర్, కెమెరా కనిపిస్తున్నాయేమో చూసి రిజిస్టర్లో సంతకం పెడుతుంది. కరెంటు మీటర్ రీడింగ్ రాసే పేజీలోనే దానికో గడి గీశాం. ఇంతకన్నా మంచి దారి నాకు తోచలేదు. కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ కూడా కొన్నాం.

పోయిన వారం ఇంకో పెద్దావిడ కిందికి వచ్చి, ఫోన్లో ప్రింటర్ కనిపించడం లేదు, టికెట్ కాగితం మీద కావాలి అంది. పోయినసారి వచ్చినప్పుడు వాళ్ళాయనకి ఇక్కడే ప్రింట్ వచ్చిందట. రిసెప్షన్ అమ్మాయి ఆ టికెట్ లాడ్జి వాట్సాప్‌కి పంపించుకుని, ప్రింట్ తీసి ఇచ్చి, ఆవిడ ఎదురుగానే ఫైలు డిలీట్ చేసింది. పని అయింది గానీ ఐదు నిమిషాలు పట్టింది, ముందైతే ఆవిడ పడుకున్న చోటి నుంచే అయ్యేది.

'గెస్ట్ ఐడీ' ఫోల్డర్ ఇంకా అలాగే ఉంది. పాస్‌వర్డ్ పెట్టాం, గెస్టు నెట్ నుంచి అందదు. పాతవి తీసేద్దామని నేనంటాను, పోలీసులడిగితే ఏం చూపిస్తామని అన్నయ్య అంటాడు. ఎన్నేళ్ళవి ఉంచాలన్నది మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు. ఈ లోపల కొత్తగా వచ్చేవాళ్ళని మాత్రం మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వమని అడుగుతున్నాం. ఎలా తీసుకోవాలో తెలియనివాళ్ళకి రిసెప్షన్లో వాళ్ళ ఫోన్లోనే చూపించి తీయిస్తున్నాం.